ప్లాస్టిక్ సర్జరీ గురించి డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడటం ఎలా?

తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో చూపించుకున్నంత వరకు మనకు భాషతో పేచీ లేదు. పెద్ద చికిత్స అనగానే సరిహద్దు దాటి వేలూరుకో చెన్నైకో వెళ్ళడం మాత్రం చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా కుటుంబాలకు అలవాటు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, తిరుపతి నుంచి చెన్నై పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం. అక్కడి డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు, మనకు తమిళం అంతంతమాత్రం కావచ్చు. అప్పుడు ఇద్దరికీ మధ్య మిగిలేది ఇంగ్లీషు. జ్వరానికీ కడుపునొప్పికీ రక్తపరీక్షలు, స్కానింగులు కొంత సంగతి చెప్పేస్తాయి కాబట్టి భాష కాస్త తడబడినా గడిచిపోతుంది. ప్లాస్టిక్ సర్జరీ అలా కాదు. కాలిన చెయ్యి ఏ పనికి అడ్డు వస్తున్నదో, ముక్కులో ఏది నచ్చడం లేదో, ఆపరేషను తర్వాత ఏమి ఆశిస్తున్నారో రోగి నోటితో చెప్పుకోవలసిందే. చెప్పింది ఒకటి, డాక్టరుకు అర్థమైంది మరొకటి అయితే, ఆ తేడా ఒంటి మీద మిగిలిపోతుంది.

అందుకే ఈ వ్యాసంలో శస్త్రచికిత్సల పేర్ల కంటే, బాధను వర్ణించే మాటలకూ ప్రశ్నలు అడిగే పద్ధతికీ ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆసుపత్రికి తోడుగా వెళ్ళే బంధువులను ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నాను. నర్సింగ్ చదివి విదేశాలకు వెళ్ళాలనుకునేవారికి, ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యేవారికి కూడా ఇందులో పనికివచ్చేది ఉంది. ఇంగ్లీషు వాక్యాలను చూసి చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఒకటికి రెండుసార్లు పైకి చదువుకోండి.

రెండు శాఖలు, రెండు రకాల ఖర్చు

ప్లాస్టిక్ సర్జరీ అంటే శరీరంలో ప్లాస్టిక్ పెట్టడం కాదు. మలచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే కాలిన గాయానికి ప్లాస్టిక్ సర్జరీ అవసరమని వినగానే భయపడి వద్దనేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఈ వైద్యశాఖలో రెండు భాగాలున్నాయి. ప్రమాదంలోనో, కాలడం వల్లనో, క్యాన్సర్ వల్లనో, పుట్టుకతోనో ఏర్పడిన లోపాన్ని సరిచేసి, అవయవాన్ని మళ్ళీ పనికి తెచ్చేది 'రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ'. ఆరోగ్యంగానే ఉన్న శరీరభాగపు రూపాన్ని మార్చేది 'కాస్మెటిక్ సర్జరీ'. దీన్నే 'ఈస్థెటిక్ సర్జరీ' అని కూడా అంటారు. గ్రహణం మొర్రి సరిచేయడం, కాలి ముడుచుకుపోయిన వేళ్ళను విడదీయడం మొదటి కోవలోకి వస్తాయి. ముక్కు సన్నబరచుకోవడం, పొట్టలో కొవ్వు తీయించుకోవడం రెండో కోవలోకి వస్తాయి.

మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే డబ్బు దగ్గర ఇబ్బంది వస్తుంది. ఆరోగ్య బీమా పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపు ప్రకారం, రూపం మార్చుకోవడానికి చేసే కాస్మెటిక్ లేదా ప్లాస్టిక్ సర్జరీ ఖర్చును కంపెనీ భరించదు. అయితే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు వర్తించదు. రోగి ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి ఆ చికిత్స వైద్యపరంగా అవసరమని డాక్టరు ధ్రువీకరించినప్పుడు కూడా వర్తించదు. కాబట్టి బీమా డెస్కు దగ్గర 'ప్లాస్టిక్ సర్జరీ' అని ఊరుకోకుండా, 'ఇట్ ఈజ్ రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ ఆఫ్టర్ ఎ బర్న్ ఇంజరీ' అని పూర్తిగా చెప్పండి. డాక్టరు దగ్గర 'కుడ్ యూ ప్లీజ్ మెన్షన్ ఇన్ ద రిపోర్ట్ దట్ ఇట్ ఈజ్ మెడికల్లీ నెసెసరీ?' అని అడగడంలో తప్పేమీ లేదు, అది నిజమైనప్పుడు.

పేరును విడగొట్టి చదవడం

ఆపరేషన్ల పేర్లు పొడవుగా ఉండి బెదిరిస్తాయి గాని, వాటిని తోకపట్టి చదివితే సగం అర్థమైపోతుంది. గుండెకు చేసే యాంజియోప్లాస్టీ అనే మాట మనలో తెలియనివారు అరుదు. అందులోని 'ప్లాస్టీ'కి సరిచేయడం, ఆకారం ఇవ్వడం అని అర్థం. 'రైనో' అంటే ముక్కు కాబట్టి రైనోప్లాస్టీ ముక్కుకు చేసేది. బ్లెఫరోప్లాస్టీ కనురెప్పలకు, ఓటోప్లాస్టీ చెవులకు, జీనియోప్లాస్టీ గడ్డానికి, కైలోప్లాస్టీ పెదవికి, పాలటోప్లాస్టీ అంగిలికి, అబ్డామినోప్లాస్టీ పొట్టకు చేసేవి. 'ఎక్టమీ' అని ముగిస్తే కోసి తీసివేయడం. గర్భసంచి తీసే హిస్టరెక్టమీ మన ఊళ్ళలో విన్న మాటే, రొమ్ము తీసేది మాస్టెక్టమీ. 'పెక్సీ' అంటే జారినదాన్ని పైకెత్తి బిగించడం. 'లైపో' అంటే కొవ్వు. లైపోసక్షన్ అంటే గొట్టంతో కొవ్వును పీల్చి తీయడం. ఇది బరువు తగ్గించే చికిత్స కాదు, ఒకచోట పేరుకున్న కొవ్వును తగ్గించి ఆకారం సవరించేది. ఈ తేడా తెలియక డబ్బు పెట్టి నిరాశపడేవారు ఉంటారు గనుక గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

గైనకోమాస్టియా అన్నది ఆపరేషను పేరు కాదు, మగవారిలో రొమ్ము పెరిగే స్థితికి పేరు. కాబట్టి 'ఐ వాంట్ గైనకోమాస్టియా' అనకూడదు. 'ఐ వాంట్ ట్రీట్‌మెంట్ ఫర్ గైనకోమాస్టియా' అనాలి. కనురెప్ప వాలిపోవడాన్ని 'టోసిస్' అంటారు. దాని ఇంగ్లీషు స్పెల్లింగు 'పి' అక్షరంతో మొదలైనా ఆ అక్షరాన్ని పలకరు.

పత్రికల్లోనూ మాటల్లోనూ వినిపించే తేలిక పేర్లు వేరు. నోస్ జాబ్, టమ్మీ టక్, ఫేస్‌లిఫ్ట్ అలాంటివి. స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇవి బాగానే ఉంటాయి. సంతకం పెట్టే కాగితంలో మాత్రం వైద్యనామమే ఉంటుంది కాబట్టి అది కూడా తెలిసి ఉండాలి.

చేశానా, చేయించుకున్నానా?

తెలుగులో మనం చేయించుకున్నాను, తీయించుకున్నాను, వేయించుకున్నాను అని ఎంతో స్పష్టంగా చెప్తాం. ఇంగ్లీషుకు వచ్చేసరికి అదే మనిషి 'ఐ డిడ్ ఆపరేషన్' అంటాడు. వినేవాడికి అతనే సర్జన్ అన్నట్టు అర్థమవుతుంది. 'ఐ హ్యాడ్ యాన్ ఆపరేషన్' లేదా 'ఐ హ్యాడ్ సర్జరీ ఆన్ మై లెఫ్ట్ హ్యాండ్' అనాలి. 'ఆపరేట్' అనే క్రియ తర్వాత 'ఆన్' తప్పనిసరి: 'దే ఆపరేటెడ్ ఆన్ హర్ ఫుట్'. ఆ 'ఆన్' లేకపోతే యంత్రాన్ని నడిపినట్టు అవుతుంది.

చేయించుకోవడం అనే అర్థానికి ఇంగ్లీషులో ఒక స్థిరమైన అచ్చు ఉంది. దాన్ని ఒక్కదాన్ని పట్టుకుంటే చాలా వాక్యాలు దారికొస్తాయి. ముందు 'హ్యాడ్', తర్వాత వస్తువు, చివర జరిగిన పని. 'ఐ హ్యాడ్ మై స్టిచెస్ రిమూవ్డ్ లాస్ట్ వీక్' అంటే పోయిన వారం కుట్లు తీయించుకున్నాను. 'ఐ రిమూవ్డ్ మై స్టిచెస్' అంటే ఇంట్లో మీరే పీకేసుకున్నారని డాక్టరు కంగారుపడతాడు. 'షీ హ్యాడ్ హర్ ఇయర్‌లోబ్ రిపేర్డ్' అంటే ఆమె తెగిన చెవి తమ్మెను కుట్టించుకుంది. జరగబోయేదానికి 'ఐ యామ్ హావింగ్ ఎ స్కిన్ గ్రాఫ్ట్ ఆన్ మండే'. వార్తల్లో, రిపోర్టుల్లో 'అండర్‌వెంట్ సర్జరీ' అని కనిపిస్తుంది. రాతకు అది హుందాగా ఉంటుంది.

కాలవ్యవధి దగ్గర కూడా ఒక అలవాటు మానుకోవాలి. రెండు నెలల నుంచి వాపు ఉందని చెప్పడానికి 'సిన్స్ టూ మంత్స్' అనకండి; 'ఐ హావ్ హ్యాడ్ దిస్ స్వెల్లింగ్ ఫర్ టూ మంత్స్' అనండి. ఒక తేదీ నుంచో ఒక సంఘటన నుంచో అయితేనే 'సిన్స్': 'సిన్స్ ద యాక్సిడెంట్', 'సిన్స్ సంక్రాంతి'.

తెలుగులో ఒక మాట, ఇంగ్లీషులో అయిదు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. 'మచ్చ' అనే మాటను తీసుకోండి. గాయం మానిన తర్వాత మిగిలేది స్కార్. పుట్టుమచ్చల్లో చిన్న నల్ల చుక్క మోల్, పుట్టుకతో వచ్చిన పెద్ద మరక బర్త్‌మార్క్. తెల్లమచ్చ వైట్ ప్యాచ్. మొటిమలు తగ్గాక మిగిలే నల్లమచ్చ డార్క్ స్పాట్, అదే గుంట పడితే యాక్నె స్కార్. వీటిలో ఒక్కొక్కదానికి చికిత్స వేరు. స్కార్ అనే మాటలో దీర్ఘాన్ని స్పష్టంగా పలకండి. దాన్ని స్కేర్ అంటే భయం అవుతుంది.

మానిన గాయం ఉబ్బెత్తుగా ఉన్నప్పుడు రెండు పేర్లు వినిపిస్తాయి. గాయం ఉన్నంత మేరకే ఉబ్బి ఉంటే హైపర్‌ట్రోఫిక్ స్కార్. గాయపు హద్దు దాటి చుట్టూ ఉన్న మంచి చర్మం మీదికి కూడా పెరిగితే కీలాయిడ్. చెవులు కుట్టించుకున్న చోట గోళీలాగా పెరిగే గడ్డ సాధారణంగా ఈ రెండోదే. కీలాయిడ్‌ను ఉత్తగా కోసి తీసేస్తే మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంతకు ముందు ఎవరిచేతనైనా తీయించుకుని ఉంటే దాచకుండా చెప్పాలి: 'ఐ హ్యాడ్ ఇట్ రిమూవ్డ్ వన్స్, బట్ ఇట్ గ్రూ బ్యాక్.'

బరువైన కమ్మలు, బుట్టలు ఏళ్ళ తరబడి పెట్టుకుని చెవి రంధ్రం సాగిపోయిన అమ్మలు మన ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ బాధ చెప్పడానికి మూడు మాటలు వేరువేరుగా ఉన్నాయి. రంధ్రం సాగి పొడవైతే స్ట్రెచ్డ్, కొంత చీలితే పార్షియల్లీ టోర్న్, పూర్తిగా తెగి తమ్మె రెండుగా వేలాడితే స్ప్లిట్ ఇయర్‌లోబ్. 'మై మదర్స్ లెఫ్ట్ ఇయర్‌లోబ్ ఈజ్ కంప్లీట్లీ స్ప్లిట్. ద రైట్ వన్ ఈజ్ ఓన్లీ స్ట్రెచ్డ్' అని చెప్పగలిగితే, డాక్టరు చూడకముందే అతనికి విషయం కళ్ళకు కట్టినట్టుంటుంది. దాని తర్వాత తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 'వెన్ క్యాన్ షీ గెట్ హర్ ఇయర్ పియర్స్డ్ అగైన్?' కుట్టిన గీత మీదే మళ్ళీ రంధ్రం వేయించుకుంటే అది బలహీనంగా ఉండవచ్చు కాబట్టి, ఎక్కడ వేయాలో కూడా అడగండి.

నొప్పి విషయంలో తెలుగు ఎంతో సంపన్నం. ఆ సంపద అంతా ఇంగ్లీషులో 'పెయిన్' అనే ఒక్క మాటలో పోసేస్తే డాక్టరుకు అందవలసిన ఆనవాళ్ళు పోతాయి. సలుపుకు థ్రాబింగ్, పోటుకు స్టాబింగ్, మంటకు బర్నింగ్, దురదకు ఇచింగ్, తాకితేనే నొప్పి అయితే టెండర్. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు: చీమలు పాకినట్టుండే తిమ్మిరి టింగ్లింగ్, గిల్లినా తెలియకపోవడం నమ్‌నెస్. నమ్ అనే మాట చివర ఉన్న 'బి' అక్షరాన్ని పలకకూడదు. చర్మం గుంజుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటే 'ఇట్ ఫీల్స్ టైట్'. కాలిన గాయం మానేటప్పుడు ఈ బిగువే మెల్లగా కీలును ముడిచేస్తుంది. దాన్ని కాంట్రాక్చర్ అంటారు, విడదీసే ఆపరేషను కాంట్రాక్చర్ రిలీజ్. నొప్పి ఎంత అని సున్నా నుంచి పది వరకు అంకె అడిగితే, పది అంటే ఊహించగలిగిన అతి తీవ్రమైన నొప్పి అని గుర్తుంచుకుని చెప్పండి. డాక్టరు మీద గౌరవంతో తగ్గించి చెప్పడం మనవాళ్ళలో ఉంది. అది మంచిది కాదు.

గాయం గురించిన మాటల్లో బొబ్బ బ్లిస్టర్, పక్కు స్కాబ్, చీము పస్. కమిలిన చోటు బ్రూజ్. దాన్ని బ్రూయిజ్ అని పలకకండి. గాయం అనే మాటను వూండ్ అని పలకాలి, వౌండ్ కాదు. రసి కారడాన్ని డిస్చార్జ్ అంటారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడమూ డిస్చార్జే కాబట్టి ఫోనులో 'డిస్చార్జ్ ఈజ్ దేర్' అంటే అవతలి నర్సు అయోమయంలో పడుతుంది. 'దేర్ ఈజ్ ఎల్లో ఫ్లూయిడ్ కమింగ్ ఫ్రమ్ ద వూండ్' అంటే చాలు. రంగు, వాసన, ఎంత కారుతున్నదో కూడా కలపండి.

'మత్తు' కూడా ఇలాంటిదే. సూది ఇచ్చిన చోటు మాత్రమే మొద్దుబారితే లోకల్ అనస్తీషియా, నడుములో ఇచ్చి కింది భాగం తెలియకుండా చేసేది స్పైనల్, నిద్రమబ్బుగా ఉంచేది సెడేషన్, పూర్తిగా స్పృహ లేకుండా చేసేది జనరల్ అనస్తీషియా. 'విల్ ఐ బి అవేక్ డ్యూరింగ్ ద సర్జరీ?' అని అడిగితే ఏది ఇవ్వబోతున్నారో తేలిపోతుంది.

కాలిన గాయాల వార్డులో శాతాలు వినిపిస్తాయి. 'థర్టీ పర్సెంట్ బర్న్స్' అంటే గాయం ముప్పై వంతుల తీవ్రమని కాదు, చర్మం మొత్తంలో అంత విస్తీర్ణం కాలిందని. పెద్దవారిలో దీన్ని రూల్ ఆఫ్ నైన్స్‌తో లెక్కిస్తారు: తల 9 శాతం, ఒక్కొక్క చెయ్యి 9, ఒక్కొక్క కాలు 18, మొండెం ముందువైపు 18, వెనుకవైపు 18, మర్మస్థానం 1. లోతును చెప్పే మాటలు వేరు. పైపైన కాలితే సూపర్‌ఫిషియల్, చర్మంలో కొంతమేర అయితే పార్షియల్ థిక్‌నెస్, చర్మం మొత్తం మందాన కాలితే ఫుల్ థిక్‌నెస్. విస్తీర్ణం, లోతు రెండూ అడిగి తెలుసుకోండి. వేన్నీళ్ళో, నూనెవంటి వేడి ద్రవమో పడి కాలితే స్కాల్డ్ అని ప్రత్యేకమైన మాట ఉంది; నిప్పు, కరెంటు, రసాయనం అయితే బర్న్. ఏది వల్ల కాలిందో చెప్పడం తప్పనిసరి, ముఖ్యంగా కరెంటు అయితే, ఎందుకంటే పైకి చిన్నగా కనిపించినా లోపల కండరం దెబ్బతిని ఉండవచ్చు.

చెయ్యి నలిగినప్పుడు

బెల్లం వండే కాలంలో చెరకు గానుగలో చెయ్యి చిక్కుకునే ప్రమాదాలు చిత్తూరు పల్లెలకు కొత్తవి కావు. ఆ కంగారులో మాటలు వెతుక్కునే వ్యవధి ఉండదు కాబట్టి ఈ కొన్ని వాక్యాలు ముందే నేర్చుకోవాలి. 'హిజ్ రైట్ హ్యాండ్ గాట్ కాట్ ఇన్ ఎ షుగర్‌కేన్ క్రషర్.' 'ఇట్ హ్యాపెన్డ్ యట్ టెన్ దిస్ మార్నింగ్.' 'టూ ఫింగర్స్ ఆర్ కట్ ఆఫ్, అండ్ వి హావ్ బ్రాట్ దెమ్.' ఎప్పుడు జరిగిందో చెప్పే రెండో వాక్యం మిగతావాటికంటే విలువైనది, తెగిన భాగాన్ని తిరిగి అతికించగలమా లేదా అన్నది కాలం మీద ఎంతో ఆధారపడుతుంది. అతికించడాన్ని రీప్లాంటేషన్ అంటారు. తెగిన వేలును శుభ్రమైన తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఐసు వేసిన నీళ్ళలో ఉంచి తేవాలి. ఐసు నేరుగా వేలికి తగలకూడదు.

వేళ్ళను అంకెలతో చెప్పకండి. బొటనవేలిని ఇంగ్లీషులో చాలామంది వేళ్ళ లెక్కలో చేర్చరు కాబట్టి 'సెకండ్ ఫింగర్' అంటే ఏదో తేలదు. థంబ్, ఇండెక్స్, మిడిల్, రింగ్, లిటిల్ అని పేర్లతోనే చెప్పాలి. తెగిన నరాన్ని నెర్వ్ అంటారు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడును టెండన్ అంటారు. మనం రెండింటినీ నరమే అంటాం. వేలు మడవలేకపోతే టెండన్, స్పర్శ లేకపోతే నెర్వ్ దెబ్బతిని ఉండవచ్చు. కాబట్టి 'నరం తెగింది' అని చెప్పడానికి బదులు 'హి కెనాట్ బెండ్ హిజ్ రింగ్ ఫింగర్' అని, 'హి కెనాట్ ఫీల్ ఎనీథింగ్ ఇన్ ద టిప్' అని చెప్పండి. చేతి శస్త్రచికిత్సకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పెద్ద చరిత్ర ఉంది. 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠువల్ల వేళ్ళు లోపలికి వంగి పంజాలా అయిపోయిన చేతులకు టెండన్ ట్రాన్స్‌ఫర్ ఆపరేషన్లు చేసి, వాటిని మళ్ళీ పనిచేసే చేతులుగా మార్చారు. పనిచేసే టెండన్‌ను పనిచేయనిదాని స్థానానికి మళ్ళించడమే ఆ మాటకు అర్థం.

డాక్టరు నోట మామూలు మాటకు వేరే అర్థం

కొన్ని మాటలు మనకు తెలిసినవే అయినా ఈ వార్డులో వేరే పనిచేస్తాయి. 'డోనర్ సైట్' అనగానే చర్మం ఇచ్చే దాత ఎవరో వెతకాలని ఇంటిల్లిపాదీ కలవరపడతారు. చాలా సందర్భాల్లో దాత ఆ రోగే. చర్మం తీసిన చోటు, తరచుగా తొడ, డోనర్ సైట్, దాన్ని వేసిన చోటు రెసిపియెంట్ సైట్. చర్మం తీయడాన్ని 'హార్వెస్ట్' అంటారు. 'ద గ్రాఫ్ట్ హాజ్ టేకెన్ వెల్' అంటే వేసిన చర్మం బాగా అతుక్కుందని, అది శుభవార్త. 'రా ఏరియా' అంటే చర్మం లేని పచ్చిపుండు.

గ్రాఫ్ట్ వేరు, ఫ్లాప్ వేరు. గ్రాఫ్ట్ పలుచని చర్మపు పొర. దానికి సొంత రక్తప్రసారం ఉండదు, వేసిన చోటి నుంచే తెచ్చుకోవాలి. ఫ్లాప్ రక్తనాళాలతో సహా మళ్ళించే మందమైన కండ. నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కట్టే పద్ధతి మన దేశానిదే. దాని వర్ణన 1794లో లండన్ పత్రికలో అచ్చయిన తర్వాత ఐరోపా సర్జన్లు నేర్చుకున్నారు. నేటికీ దాన్ని ఇండియన్ ఫోర్‌హెడ్ ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ వేసిన తర్వాత దాని రంగు మారితే వెంటనే చెప్పాలి: 'ద ఫ్లాప్ ఈజ్ టర్నింగ్ బ్లూ', 'ఇట్ లుక్స్ పేల్', 'ఇట్ ఫీల్స్ కోల్డ్'. తెల్లవారేదాకా ఆగకూడదు.

'డిఫెక్ట్', 'డిఫార్మిటీ' అని రిపోర్టులో కనిపిస్తే నొచ్చుకోకండి. డిఫెక్ట్ అంటే అక్కడ కండ లేక ఏర్పడిన ఖాళీ. మనిషి మీద తీర్పు కాదు. 'ఎలెక్టివ్' అంటే అనవసరం అని కాదు, ముందుగా తేదీ అనుకుని చేయదగినది, అత్యవసరం కానిది అని. 'కన్సర్వేటివ్ మేనేజ్‌మెంట్' అంటే కత్తి పెట్టకుండా చూడటం. 'టూ స్టేజెస్' అంటే ఒక్క ఆపరేషనుతో అయిపోదని. మొదటిది విఫలమైందని కాదు.

ఆపరేషనుకు ముందు 'నిల్ బై మౌత్' అంటారు, అంటే నోట ఏమీ వేసుకోకూడదు. సాధారణ నియమం ఘనాహారానికి ఆరు గంటలు, 'క్లియర్ ఫ్లూయిడ్స్'కు రెండు గంటలు. క్లియర్ అంటే అడుగు కనిపించేంత తేటగా ఉండేది, మంచినీళ్ళవంటిది. పాలు, పాలు పోసిన కాఫీ, మజ్జిగ ఆ కోవలోకి రావు. మీ ఆసుపత్రి వేరే సమయం చెబితే దాన్నే పాటించండి.

సంప్రదింపులో అడగవలసినవి

కాస్మెటిక్ సర్జరీకి వెళ్ళినప్పుడు 'మేక్ మై నోస్ నైస్' అంటే ఏమీ చెప్పనట్టే. ముక్కులో ఏ భాగమో చెప్పండి: ముక్కుదూలం బ్రిడ్జ్, కొస టిప్, ముక్కుపుటాలు నాస్ట్రిల్స్, బొడిపె హంప్. 'ద టిప్ డ్రూప్స్ వెన్ ఐ స్మైల్', 'ఐ వాంట్ ద హంప్ రెడ్యూస్డ్, నాట్ రిమూవ్డ్', 'ఐ వుడ్ లైక్ ఇట్ టు లుక్ నేచురల్'. గాలి పీల్చడంలో ఇబ్బంది ఉంటే దాన్ని మొదటే చెప్పాలి: 'ఐ కెనాట్ బ్రీద్ వెల్ త్రూ మై లెఫ్ట్ నాస్ట్రిల్.' సినిమా నటి ఫొటో చూపించడం కంటే ఇది మేలు.

డాక్టరు అర్హత అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. పడనక్కరలేదు. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ అంటే ఆ శాఖలో ఎం.సిహెచ్. లేదా డి.ఎన్.బి. స్థాయి చదువు చదివినవారు. కాస్మెటాలజీ బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ అది ఉండదు. 'మే ఐ ఆస్క్ వేర్ యూ ట్రెయిన్డ్ ఇన్ ప్లాస్టిక్ సర్జరీ?' అంటే మర్యాదగానే ఉంటుంది. 'విల్ యూ బి డూయింగ్ ద సర్జరీ యువర్‌సెల్ఫ్?' అనీ అడగండి. ఖర్చు దగ్గర 'వాట్ డజ్ దిస్ అమౌంట్ ఇంక్లూడ్?' అన్నది అసలు ప్రశ్న. అనస్తీషియా, మందులు, బిగువు తొడుగు, మళ్ళీ చూపించుకోవడం అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. ఫలితం నచ్చక సవరించే ఆపరేషనును రివిజన్ అంటారు: 'ఇఫ్ ఐ నీడ్ ఎ రివిజన్, హూ పేస్ ఫర్ ఇట్?' జుట్టు నాటించుకున్నవారికి మన ఊరి ప్రశ్న ఒకటుంది, మొక్కు తీర్చుకోవడం గురించి: 'వెన్ విల్ ఇట్ బి సేఫ్ టు షేవ్ మై హెడ్?'

మీ గురించి చెప్పవలసినవి దాచకండి. రక్తం పలుచబరిచే మాత్రలు బ్లడ్ థిన్నర్స్, పడనిది ఉంటే 'ఐ యామ్ అలర్జిక్ టు' అని దాని పేరు. బీడీ, సిగరెట్టు గాయం మానడాన్ని దెబ్బతీస్తాయి, ఫ్లాప్‌కు మరీ ప్రమాదం. 'ఐ స్మోక్ టెన్ బీడీస్ ఎ డే' అని నిజం చెప్పడమే క్షేమం.

అంగీకారపత్రం కన్సెంట్ ఫారమ్. అందులో రిలేషన్‌షిప్ అని ఉన్నచోట ఉత్త 'అంకుల్' అని రాయకండి. మేనమామ అయితే మెటర్నల్ అంకుల్, బాబాయి అయితే పెటర్నల్ అంకుల్. సంతకానికి ముందు 'కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ దిస్ లైన్ ఇన్ సింపుల్ వర్డ్స్?' అని ఎన్నిసార్లయినా అడగవచ్చు. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం ఇంకా మంచి పద్ధతి: 'సో యూ విల్ టేక్ స్కిన్ ఫ్రమ్ ద థై అండ్ పుట్ ఇట్ ఆన్ ద నెక్. ఈజ్ దట్ రైట్?'

ఇతరుల గురించి మాట్లాడేటప్పుడు

గ్రహణం మొర్రి ఉన్న బిడ్డ గురించి 'క్లెఫ్ట్ లిప్' అనాలి. అంగిలి కూడా చీలి ఉంటే 'క్లెఫ్ట్ పాలెట్'. పాత పుస్తకాల్లో కనిపించే 'హేర్‌లిప్' ఇప్పుడు అవమానకరమైన మాట. తల్లి గ్రహణం చూడటం వల్ల అది రాదు. ఆ నింద మోస్తున్న తల్లుల కోసం ఈ ఒక్క వాక్యం ఎక్కడైనా చెప్పదగినదే. పెదవి ఆపరేషనుకు బిడ్డ సిద్ధంగా ఉందా అని చూసేందుకు సర్జన్లు రూల్ ఆఫ్ టెన్స్ అనే కొలత వాడుతూ వచ్చారు: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్. కాలిన గాయాల నుంచి బయటపడినవారిని 'బర్న్ సర్వైవర్' అంటారు.

పరీక్షల్లో అభిప్రాయం అడిగితే సెల్ఫ్ కాన్ఫిడెన్స్, బాడీ ఇమేజ్, పీర్ ప్రెషర్, అన్‌రియలిస్టిక్ ఎక్స్‌పెక్టేషన్స్ అనే నాలుగు మాటలు చాలావరకు ఆదుకుంటాయి. కాస్మెటిక్ సర్జరీని ఒక్కసారిగా తప్పనో ఒప్పనో తేల్చకుండా, రీకన్‌స్ట్రక్టివ్‌ను దాని నుంచి విడదీసి మాట్లాడితే జవాబుకు బరువు వస్తుంది. విదేశాలకు వెళ్ళే నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలో రోగితో సంభాషణ నటించి చూపాలి. వారికి ఈ అభిప్రాయాల కంటే పైన చెప్పిన బాధల మాటలే ఎక్కువ అవసరం.

ఇంటికి పంపేరోజున హడావిడిలో వదిలేసే ప్రశ్నలు మూడు ఉన్నాయి. 'వెన్ క్యాన్ ఐ గెట్ ద వూండ్ వెట్?' అన్నది స్నానం గురించి. 'వాట్ షుడ్ ఐ అవాయిడ్, అండ్ ఫర్ హౌ లాంగ్?' అన్నది బరువులెత్తడం, ఎండ, ప్రయాణం గురించి. తిరుమల మెట్లెక్కాలనుకునేవారు ఆ మాట కూడా కలిపి అడగండి. మూడోది 'వాట్ సైన్స్ మీన్ ఐ షుడ్ కమ్ బ్యాక్ ఇమీడియట్లీ?' దీనికి డాక్టరు చెప్పే జవాబును, ఫోను చేయవలసిన నంబరుతో పాటు, డిస్చార్జ్ కాగితం వెనుక ఆయన ఎదుటే తెలుగులో రాసుకోండి. రాత్రి కట్టు తడిసినప్పుడు దాన్ని చదవవలసింది ఇంట్లో ఉన్న ఇంగ్లీషు రాని మనిషి కావచ్చు.